చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్: ఖర్చు తక్కువ, తాళం మీ చేతిలో

లోను మంజూరైన వారం తిరక్కుండానే ఫోన్లు మొదలవుతాయి. "మేడం, మీ వ్యాపారానికి వెబ్‌సైట్ చేసి పెడతాం. మామూలుగా ఇరవై వేలు, ఈ రోజు కడితే పదిహేను వేలే" అంటారు. కొందరైతే ఇంకో అడుగు ముందుకేసి, "ఈ పథకం కింద వెబ్‌సైట్ తప్పనిసరి, లేకపోతే రెండో విడత రాదు" అని భయపెడతారు.

ముందు ఈ విషయం గుర్తుపెట్టుకోండి. ముద్ర, పీఎం విశ్వకర్మ, పీఎం స్వనిధి, డ్వాక్రా సంఘాల బ్యాంకు లింకేజీ... వీటిలో దేనికీ వెబ్‌సైట్ ఉండాలన్న షరతు లేదు. అలా చెప్పి డబ్బు అడిగినవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

అయితే వెబ్‌సైట్ పనికిరాదని కాదు. సరిగ్గా చేసుకుంటే చాలా ఉపయోగం. అందుకు వేలు పోయాల్సిన పని మాత్రం లేదు. ముద్ర 'శిశు' లోను గరిష్ఠంగా 50,000 రూపాయలు. అందులో 15,000 వెబ్‌సైట్‌కు పోతే, వందకు ముప్పై రూపాయలు సరుకు కొనకముందే ఖర్చయినట్టు. స్వనిధి మొదటి విడత ఇప్పుడు 15,000 రూపాయలు. అదంతా వెబ్‌సైట్‌కే పెడితే బండి మీద పెట్టడానికి ఏం మిగులుతుంది?

డబ్బు లేకుండా ఎంతవరకు చేసుకోవచ్చు, ఎక్కడ కొంచెం ఖర్చు పెట్టాలి, ఏది ఎవరి చేతికీ ఇవ్వకూడదు అన్నదే ఈ పీడీఎఫ్‌లో చెబుతున్నాం. నిదానంగా చదవండి, ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్లతోనూ చదివించండి.

మూడు మాటలు ముందు తెలుసుకోండి

వెబ్‌సైట్ అమ్మేవాళ్లు మూడు మాటలు వాడతారు. తెలియకపోతే ఆ మూడింటినీ కలిపి ఒకే రేటు చెప్పేస్తారు.

డొమైన్ అంటే పేరు. కొట్టు మీద బోర్డు లాంటిది. చివర 'డాట్ ఇన్' అనో 'డాట్ కామ్' అనో ఉంటుంది. దీన్ని శాశ్వతంగా కొనలేం, ఏడాదికోసారి డబ్బు కట్టి నిలబెట్టుకోవాలి.

హోస్టింగ్ అంటే గది అద్దె. మీ ఫొటోలు, రాతలు ఏదో ఒక కంప్యూటర్‌లో రాత్రీపగలూ ఉండాలి కదా, దానికి కట్టే అద్దె. కొన్ని చోట్ల ఇది ఉచితం.

డిజైన్ అంటే లోపల సర్దడం. ఏ ఫొటో ఎక్కడ, ధర ఎక్కడ, ఫోన్ నంబరు ఎక్కడ అన్నది. దీనికి ఒకసారి కష్టపడితే చాలు.

ఎవరైనా 15,000 అంటే, "ఇందులో పేరుకు ఎంత, అద్దెకు ఎంత, పనికి ఎంత?" అని విడివిడిగా అడగండి. ఈ ఒక్క ప్రశ్నకే చాలామంది రేటు తగ్గిస్తారు.

మొదటి మెట్టు: పైసా ఖర్చు లేకుండా

చాలా వ్యాపారాలకు మొదటి ఏడాది ఈ మెట్టు సరిపోతుంది. టైలరింగ్, టిఫిన్ సెంటర్, బ్యూటీ పార్లర్, వడ్రంగం, ఏసీ రిపేరు లాంటి వాటికి కస్టమర్లు చుట్టుపక్కల నుంచే వస్తారు. వాళ్లు ముందు వెతికేది గూగుల్ మ్యాప్‌లో, తర్వాత చూసేది వాట్సాప్‌లో.

వాట్సాప్ బిజినెస్: ఇది మామూలు వాట్సాప్ కాదు, వ్యాపారం కోసం విడిగా ఉన్న ఉచిత యాప్. 2018లో వచ్చింది. ఇందులో మీ కొట్టు పేరు, అడ్రసు, తెరిచే వేళలు పెట్టుకోవచ్చు. 'కేటలాగ్' అనే చోట ఒక్కో వస్తువుకు ఫొటో, ధర, నాలుగు మాటలు రాసుకోవచ్చు. 500 వస్తువుల దాకా పడతాయి. కేటలాగ్ లింకును ఎవరికైనా పంపొచ్చు. "ధర ఎంత?", "ఎప్పటికి ఇస్తారు?" లాంటి రోజూ వచ్చే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి దాచుకోవచ్చు. ఒకే నంబరు మీద మామూలు వాట్సాప్, బిజినెస్ వాట్సాప్ రెండూ నడవవు. కాబట్టి వ్యాపారానికి వేరే సిమ్ పెట్టుకుంటే మంచిది. ఇంటి నంబరు ఊరంతా తిరగకుండా ఉంటుంది.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్: ఎవరైనా "దగ్గర్లో టైలర్" అని వెతికితే మ్యాప్‌లో మీ కొట్టు కనబడాలంటే ఇది కావాలి. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. మీ జీమెయిల్‌తోనే నమోదు చేసుకోండి. కొట్టు మీదేనని నిర్ధారించడానికి గూగుల్ వీడియో తీసి పెట్టమని గానీ, కోడ్ పంపి గానీ అడుగుతుంది. కస్టమర్లు మీ దగ్గరికి వచ్చినా, మీరే వాళ్ల ఇంటికి వెళ్లి పని చేసినా నమోదుకు అర్హత ఉంటుంది.

ఇంట్లో కుట్టుపని, పిండివంటలు చేసే అక్కాచెల్లెళ్లకు ఒక మాట. ఇంటి అడ్రసు లోకమంతటికీ కనబడాలన్న రూలేం లేదు. డెలివరీ ఇచ్చేవాళ్లు, ఇంటికి వెళ్లి పని చేసేవాళ్లు అడ్రసు దాచి, ఏయే ఊళ్లకు సేవ అందిస్తారో అంతవరకే చూపించుకోవచ్చు. నమోదు చేసేటప్పుడే ఆ వీలు ఉంటుంది.

"గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ ప్రొఫైల్ ఆగిపోతుంది, మూడు వేలు కట్టండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. ఈ ప్రొఫైల్‌కు రెన్యువల్ ఫీజు అంటూ ఏదీ లేదు.

ఇంకో సంగతి. ఈ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఒకప్పుడు చిన్న వెబ్‌సైట్ కూడా ఉచితంగా ఇచ్చేది. 2024 మార్చిలో దాన్ని ఆపేసింది. దాని మీదే ఆధారపడ్డవాళ్లు పేజీ కోసం వేరే చోటు చూసుకోవాల్సి వచ్చింది. ఉచితంగా వచ్చింది ఎప్పుడైనా ఆగిపోవచ్చు. అందుకే మీ ఫొటోలు, ధరల పట్టిక, కస్టమర్ల నంబర్లు మీ దగ్గర విడిగా ఒక కాపీ ఉంచుకోండి. రెండో మెట్టు ఎందుకు కావాలో కూడా దీంతోనే అర్థమవుతుంది.

రెండో మెట్టు: సొంత పేరు

యాప్‌లు మారతాయి, ఉచిత పేజీలు పోతాయి. కానీ మీ పేరు మీద డొమైన్ ఉంటే, లోపలి పేజీని ఎక్కడికి మార్చుకున్నా కస్టమర్‌కు తెలిసిన అడ్రసు అదే ఉంటుంది. అద్దె గది మారినా అదే బోర్డు తీసుకెళ్లి తగిలించుకున్నట్టు. డబ్బు పెట్టాల్సి వస్తే మొదట దీనికే పెట్టండి.

మన దేశపు 'డాట్ ఇన్' పేర్లను నిక్సీ అనే సంస్థ నిర్వహిస్తుంది. దాని దగ్గర అనుమతి ఉన్న కంపెనీలు మనకు అమ్ముతాయి. 'డాట్ ఇన్' పేరుకు సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే అవుతుంది, కంపెనీని బట్టి మారుతుంది. 'డాట్ కామ్' కొంచెం ఎక్కువ. "మొదటి ఏడాది 99 రూపాయలు" లాంటి ప్రకటన చూస్తే ఆగి, రెండో ఏడాది ఎంతో చూడండి. మీరు లెక్కలోకి తీసుకోవాల్సిన రేటు అదే. పైన 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది.

తెలుగు లిపిలోనే పేరు పెట్టుకునే వీలు కూడా ఉంది. చివర 'డాట్ భారత్' అని తెలుగులోనే వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. కాకపోతే ఫోన్లో తెలుగు టైపు చేయడం అలవాటు లేని కస్టమర్లు ఇంకా ఉన్నారు. అందుకని ఇంగ్లీషు అక్షరాల పేరు ముందు తీసుకుని, తెలుగు పేరు తర్వాత చూసుకోండి.

పేరు ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష పెట్టుకోండి. ఫోన్లో ఒక్కసారి చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా రాసుకోగలగాలి. లక్ష్మి అనే పేరునే తీసుకోండి. ఇంగ్లీషులో ఒకరు 'ఎక్స్' పెట్టి రాస్తారు, ఇంకొకరు 'కే ఎస్ హెచ్' పెట్టి రాస్తారు. ఇలా రెండు రకాలుగా రాసే పేరైతే పక్కన ఊరి పేరో, పని పేరో కలిపి గందరగోళం లేకుండా చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం: డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో ఉండాలి. వెబ్‌సైట్ చేసిపెట్టే అబ్బాయి పేరు మీద కాదు, ఏజెన్సీ పేరు మీద కాదు, మేనల్లుడి ఈమెయిల్ మీద కూడా కాదు. డొమైన్ ఎవరి ఖాతాలో ఉంటే దాని మీద పెత్తనం వాళ్లదే. రెండేళ్లు కష్టపడి పేరు తెచ్చుకున్నాక, "రెన్యువల్‌కు ఎనిమిది వేలు, లేకపోతే సైట్ ఆపేస్తాం" అంటే మీరు ఏమీ చేయలేని పరిస్థితి వస్తుంది. ఇల్లు మీ డబ్బుతో కట్టి పట్టా పక్కింటివాళ్ల పేరు మీద రాయించుకుంటామా? ఇదీ అంతే.

గడువు తేదీని క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. గడువు దాటాక కొద్ది రోజులే వ్యవధి ఉంటుంది. ఆ తర్వాత తిరిగి తీసుకోవడానికి ఎక్కువ కట్టాలి. అది కూడా దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు.

మూడో మెట్టు: లోపలి పేజీ

ఇందుకు నాలుగు దారులున్నాయి. మీ అవసరాన్ని బట్టి చూసుకోండి.

ఒకటి, గూగుల్ సైట్స్. జీమెయిల్ ఉంటే చాలు, ఉచితం. ప్రకటనలు రావు. మీరు కొన్న డొమైన్‌ను దీనికి ఉచితంగా కలుపుకోవచ్చు. అంటే మొత్తం ఖర్చు డొమైన్ డబ్బే. ఒక ఇబ్బంది ఏమిటంటే, పేజీ తయారు చేయడానికి కంప్యూటర్ కావాలి, ఫోన్లో కుదరదు.

రెండు, బ్లాగర్. ఇదీ గూగుల్‌దే, ఉచితం. సొంత డొమైన్ కలుపుకోవచ్చు. ఫోన్లోనూ రాసుకోవచ్చు. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఫొటో పెట్టేవాళ్లకు ఇది వీలుగా ఉంటుంది.

మూడు, వర్డ్‌ప్రెస్. 2003 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్. ప్రపంచంలో చాలా వెబ్‌సైట్లు దీని మీదే నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉచితమే, కానీ హోస్టింగ్ అద్దె మీరు కట్టాలి, అప్పుడప్పుడు అప్‌డేట్లు చేసుకోవాలి. వస్తువులు ఎక్కువ ఉండి, సైట్‌లోనే ఆర్డర్లు తీసుకోవాలనుకునేవాళ్లకు ఇది సరిపోతుంది. దీనికి 'వూకామర్స్' అనే ఉచిత భాగం తగిలిస్తే కొట్టులా పనిచేస్తుంది. నేర్చుకోవడానికి కొంత ఓపిక కావాలి.

నాలుగు, విక్స్ లాంటి రెడీమేడ్ సేవలు. బొమ్మలు లాగి పెట్టుకుంటూ పోతే పేజీ తయారవుతుంది. ఉచిత ప్లాన్‌లో వాళ్ల ప్రకటన కనిపిస్తుంది, మీ సొంత పేరు పెట్టుకోనివ్వదు. అవి కావాలంటే నెలనెలా లేదా ఏడాదికోసారి కట్టాలి. కట్టడం ఆపితే ఆ పేజీని ఉన్నదున్నట్టు తీసుకెళ్లి వేరే చోట పెట్టుకోవడం కుదరదు.

హోస్టింగ్ కొంటే ఒక మెలిక చూసుకోండి. ప్రకటనలో "నెలకు వంద రూపాయలే" అని ఉంటుంది. లోపలికి వెళ్తే అది మూడు నాలుగేళ్ల డబ్బు ఒకేసారి కడితేనే అని తెలుస్తుంది. రెన్యువల్‌లో ఆ రేటు ఉండదు, పెరుగుతుంది. మొదటిసారి ఒక్క ఏడాదికే తీసుకోండి. మొత్తం ఎంతవుతుందో బిల్లు చివరి అంకె చూసే కట్టండి.

'ఎస్‌ఎస్‌ఎల్' అని ఇంకొకటి విడిగా అమ్ముతారు. అడ్రసు పక్కన తాళం గుర్తు వచ్చేది, "ఈ సైట్ సురక్షితం కాదు" అన్న హెచ్చరిక రాకుండా చేసేది ఇదే. తప్పకుండా ఉండాలి. కానీ 'లెట్స్ ఎన్‌క్రిప్ట్' అనే సంస్థ దీన్ని ఉచితంగా ఇస్తుంది. చాలా హోస్టింగ్ కంపెనీలు దాన్నే వాడతాయి. గూగుల్ సైట్స్, బ్లాగర్‌లోనూ అదనపు ఖర్చు లేకుండానే వస్తుంది. చిన్న కొట్టు సైట్‌కు ఎస్‌ఎస్‌ఎల్ పేరుతో రెండు మూడు వేలు అడిగితే ఒప్పుకోకండి.

తెలుగు రాత, ఫొటోలు: అందరూ ఇక్కడే దెబ్బతింటారు

మన ఊళ్లలో కరపత్రాలు, ఫ్లెక్సీలు డీటీపీ సెంటర్‌లో చేయించుకుంటాం. అక్కడ ఎక్కువగా అను ఫాంట్లతో టైపు చేస్తారు. ఆ ఫైల్‌లోని తెలుగును కాపీ చేసి వెబ్‌సైట్‌లో పెడితే అర్థం లేని గీతలు, గుర్తులు వస్తాయి. వెబ్‌సైట్‌కు కావాల్సింది 'యూనికోడ్' తెలుగు. మీరు ఫోన్లో వాట్సాప్ మెసేజ్ తెలుగులో టైపు చేస్తారు కదా, అది యూనికోడే. కాబట్టి ఫోన్లోనే టైపు చేసి పెట్టుకోండి. టైపింగ్ కష్టమైతే మైకు గుర్తు నొక్కి చెప్పండి, అదే రాసుకుంటుంది. తర్వాత ఒకసారి చదివి తప్పులు దిద్దుకోండి.

అందమైన అక్షరాలు కావాలంటే మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఫ్లెక్సీ ఫొటోనే తెచ్చి వెబ్‌సైట్‌లో పెట్టేయకండి. బొమ్మలో ఉన్న అక్షరాలు వెతికేవాళ్లకు సరిగా దొరకవు, ఫోన్లో చిన్నగా కనబడి చదవడానికీ రావు. పేరు, ధర, ఊరు అక్షరాలుగానే టైపు చేయండి. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాయండి. ఎందుకంటే కొందరు 'పూతరేకులు' అని తెలుగులో వెతుకుతారు, కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు.

ఫొటోలకు పెద్ద కెమెరా అక్కర్లేదు. పొద్దున కిటికీ దగ్గర, తెల్ల దుప్పటి మీద వస్తువు పెట్టి ఫ్లాష్ లేకుండా తీయండి. ఫోన్ ఫొటో ఒక్కొక్కటి మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. అలాంటివి ఇరవై పెడితే కస్టమర్ ఫోన్లో పేజీ తెరుచుకోదు, విసుగొచ్చి వెళ్లిపోతారు. 'స్క్వూష్' అనే ఉచిత సాధనంతో ఒక్కో ఫొటోను 200 కేబీ లోపుకు తగ్గించుకోండి. వెలుగు దిద్దడానికి 'స్నాప్‌సీడ్', బోర్డులు, పోస్టర్లు చేసుకోవడానికి 'కాన్వా' ఉచిత భాగం సరిపోతాయి. కంప్యూటర్ ఉంటే 'గింప్' కూడా ఉచితమే. ధరల పట్టిక, బిల్లులు రాసుకోవడానికి 'లిబ్రేఆఫీస్' ఉంది. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ వేయించుకోకండి, వాటితో పాటు వైరస్ కూడా వస్తుంది.

పక్క కొట్టు ఫొటోలు, ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటోలు తెచ్చి పెట్టుకోకండి. అది చట్టపరంగా తప్పు. పైగా ఫొటోలో ఒకటి, చేతికొచ్చేది ఇంకొకటి అయితే కస్టమర్ మళ్లీ రారు.

పేజీలో ఏం రాయాలి?

"నాణ్యతకు మారుపేరు, నమ్మకానికి చిరునామా" అని ప్రతి బోర్డు మీదా ఉంటుంది. చదివినవాళ్లకు దాని వల్ల ఏమీ తెలియదు. కస్టమర్ అడిగే ప్రశ్నలకు జవాబు రాస్తే చాలు:

• ఏం అమ్ముతారు లేదా ఏ పని చేస్తారు
• ధర ఎంత, కనీసం ఎన్ని తీసుకోవాలి
• ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఏయే ఊళ్లకు పంపుతారు, పంపే ఖర్చు ఎవరిది
• పాడైతే, సైజు సరిపోకపోతే ఏం చేస్తారు
• ఎప్పుడు ఫోన్ చేయొచ్చు, ఏ నంబరుకు

ఉదాహరణకు ఒక టైలర్ ఇలా రాసుకోవచ్చు: "బ్లౌజులు, చుడీదార్లు, స్కూలు యూనిఫారాలు కుడతాం. మామూలు బ్లౌజు నాలుగు రోజుల్లో, వర్కు బ్లౌజు పది రోజుల్లో ఇస్తాం. పండగ ముందు పదిహేను రోజులు కొత్త ఆర్డర్లు తీసుకోం. బిగుతైనా వదులైనా వారం లోపు తెస్తే ఉచితంగా సరిచేస్తాం." ఇంత సూటిగా రాస్తే నమ్మకం దానంతటదే వస్తుంది.

చివర వాట్సాప్ లింకు పెట్టండి. 'డబ్ల్యూఏ డాట్ ఎంఈ', తర్వాత గీత, తర్వాత 91 వేసి మీ పది అంకెల నంబరు, మధ్యలో ఖాళీ లేకుండా. 91 ముందు ప్లస్ గుర్తు వద్దు. దాన్ని నొక్కితే నంబరు సేవ్ చేసుకోకుండానే నేరుగా మీతో చాట్ తెరుచుకుంటుంది.

మీ సరుకుకు భౌగోళిక గుర్తింపు ఉంటే ఆ మాట చెప్పుకోవడం మంచిదే. ఏటికొప్పాక బొమ్మలు, ఉప్పాడ జామ్‌దానీ, పోచంపల్లి ఇక్కత్, 2023లో గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం పూతరేకులు ఇలాంటివే. కానీ ఆ పేరు, గుర్తు వాడాలంటే అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. మీ సంఘంలో అడిగి తెలుసుకున్నాకే పెట్టండి.

డబ్బు తీసుకునేటప్పుడు

మొదట్లో సైట్‌కు పేమెంట్ గేట్‌వే అక్కర్లేదు. గేట్‌వే పెడితే కార్డు లాంటి చెల్లింపుల మీద సాధారణంగా రెండు శాతం దాకా కోత పడుతుంది, దాని మీద జీఎస్టీ. రోజుకు నాలుగైదు ఆర్డర్లు వచ్చేవాళ్లకు వాట్సాప్‌లో ఆర్డరు, యూపీఐలో డబ్బు చాలు. పీఎం విశ్వకర్మ లబ్ధిదారులకైతే డిజిటల్ లావాదేవీకి ఒక రూపాయి చొప్పున, నెలకు 100 లావాదేవీల వరకు ప్రోత్సాహకం కూడా ఉంది.

రెండు జాగ్రత్తలు. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. పిన్ అడిగారంటే మీ డబ్బు పోతోందని అర్థం. రెండోది, "కట్టేశాం" అని స్క్రీన్‌షాట్ పంపితే నమ్మి సరుకు ఇవ్వకండి. మీ ఖాతాలో పడిందో లేదో మీ యాప్‌లోనో, బ్యాంకు మెసేజ్‌లోనో చూసుకోండి. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

వేరేవాళ్లతో చేయించుకుంటే

అందరికీ ఇవన్నీ చేసుకునే తీరిక ఉండదు. తెలిసిన అబ్బాయికో అమ్మాయికో పని అప్పజెప్పొచ్చు, తప్పేం లేదు. వాళ్ల కష్టానికి తగ్గ డబ్బు ఇవ్వాలి కూడా. కానీ అడ్వాన్సు ఇచ్చేముందు ఈ ఏడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు తీసుకోండి. వాట్సాప్ మెసేజ్ అయినా సరే.

1. డొమైన్ ఎవరి పేరు మీద, ఏ ఈమెయిల్‌తో కొంటారు? (నా పేరు, నా ఈమెయిల్ అనే జవాబు రావాలి.)
2. డొమైన్, హోస్టింగ్, పని... వేటికి ఎంతెంత?
3. రెండో ఏడాది నుంచి ఏడాదికి మొత్తం ఎంత కట్టాలి?
4. పని అయ్యాక పాస్‌వర్డులన్నీ నాకు ఇస్తారా?
5. ధర మార్చాలన్నా, ఫొటో మార్చాలన్నా నేనే చేసుకోగలనా? నేర్పిస్తారా?
6. ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారు? ఆలస్యమైతే ఏమిటి?
7. మీరు ఇంతకుముందు చేసిన మూడు సైట్లు చూపిస్తారా? (చూసి, ఆ కొట్టువాళ్లకే ఫోన్ చేసి అడగండి.)

డబ్బు మూడు భాగాలుగా ఇవ్వండి. మొదలుపెట్టినప్పుడు కొంత, పేజీ కనబడ్డాక కొంత, పాస్‌వర్డులు మీ చేతికొచ్చి మీరు లాగిన్ అయి చూసుకున్నాక మిగతాది. "గూగుల్‌లో మొదటి పేరు మీదే వస్తుంది, గ్యారంటీ" అంటే ఆ మాటకు డబ్బు కట్టకండి. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు.

ఇప్పటికే ఏజెన్సీ పేరు మీద డొమైన్ ఉండిపోయినవాళ్లు కంగారు పడకండి. ముందు మంచిగా అడగండి: "డొమైన్‌ను నా ఖాతాకు మార్చండి, లేదా ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వండి." ఆ కోడ్ ఉంటే వేరే కంపెనీలో మీ పేరు మీదకు మార్చుకోవచ్చు. గడువు దగ్గరపడ్డాక కాకుండా రెండు మూడు నెలలు ముందే అడగండి. కట్టిన రసీదులు, చాట్‌లు దాచుకోండి. ససేమిరా ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు.

నెట్ సెంటర్‌లో పని చేసేటప్పుడు

పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడిగితే వద్దు అనండి. పని అయ్యాక లాగౌట్ అవ్వండి. ఓటీపీ మీరే చూసి మీరే కొట్టండి, గట్టిగా చదివి చెప్పకండి. జీమెయిల్‌కు రెండంచెల భద్రత పెట్టుకోండి. అప్పుడు పాస్‌వర్డ్ తెలిసినా మీ ఫోన్ లేకుండా ఎవరూ లోపలికి రాలేరు. పాస్‌వర్డులు ఒక పుస్తకంలో రాసి, పాస్‌బుక్ పెట్టే చోటే పెట్టుకోండి.

చట్టం అడిగేవి

ఉద్యమ్ రిజిస్ట్రేషన్: 2020 జూలై 1 నుంచి అమల్లో ఉంది. పూర్తిగా ఉచితం, రెన్యువల్ కూడా లేదు. ప్రభుత్వ సైట్ లాగే కనబడే పేజీలు పెట్టి ఫీజు అడిగేవాళ్లున్నారు. అడ్రసు చివర 'గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూసుకోండి.

తినుబండారాలు అమ్మేవాళ్లు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకుని ఆ నంబరు ప్యాకెట్ మీద, పేజీలో కనబడేలా పెట్టాలి.

సైట్‌లోనే ఆర్డర్లు తీసుకుంటే 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం వ్యాపారం పేరు, అడ్రసు, ఫోన్, మొత్తం ధర, వాపసు పద్ధతి స్పష్టంగా రాయాలి.

వేరే రాష్ట్రానికి సరుకు పంపి అమ్మితే జీఎస్టీ నియమాలు మారతాయి. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు పంపినా అది వేరే రాష్ట్రానికి అమ్మకమే. టర్నోవర్ తక్కువైనా రిజిస్ట్రేషన్ అవసరం పడొచ్చు. చేతివృత్తుల సరుకులకు కొన్ని మినహాయింపులున్నాయి. మొదటి పార్సిల్ పంపేముందే తెలిసిన అకౌంటెంట్‌ను అడగండి.

కస్టమర్ల ఫోన్ నంబర్లు మీకు నమ్మి ఇచ్చినవి. వాటిని ఎవరికీ అమ్మకండి, అడగకుండా గ్రూపుల్లో కలపకండి.

తరచూ అడిగే ప్రశ్నలు

ప్ర: విశ్వకర్మ టూల్‌కిట్ 15,000 రూపాయలతో వెబ్‌సైట్ చేయించుకోవచ్చా?
జ: కుదరదు. అది పనిముట్ల కోసం ఇచ్చే ఈ-వోచర్. అయితే ఆ పథకంలో బ్రాండింగ్, ఆన్‌లైన్ అమ్మకాల్లో చేర్చడం లాంటి మార్కెటింగ్ సాయం కూడా ఒక భాగం. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.

ప్ర: పెద్ద ఆన్‌లైన్ కంపెనీల్లో పెట్టి అమ్మితే సొంత సైట్ ఎందుకు?
జ: రెండూ చేసుకోవచ్చు. అక్కడ కస్టమర్లు ఎక్కువ, కానీ కమీషన్ ఉంటుంది, కస్టమర్ నంబరు మీకు మిగలదు. కేంద్ర ప్రభుత్వ చొరవతో వచ్చిన ఓఎన్‌డీసీ, ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్ కూడా ఉన్నాయి. చిన్న సంస్థలను ఓఎన్‌డీసీలో చేర్చడానికి ఎంఎస్‌ఎంఈ శాఖ 'టీమ్' అనే కార్యక్రమం పెట్టింది.

ప్ర: మా సంఘంలో పది మందిమి. అందరికీ విడివిడిగా కావాలా?
జ: అక్కర్లేదు. సంఘం పేరు మీద ఒకే డొమైన్ తీసుకుని, ఒక్కొక్కరికీ ఒక పేజీ పెట్టుకోండి. ఖర్చు పది మందికీ పంచితే తలకు వంద రూపాయలు కూడా పడదు. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి. మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసుకోండి.

ప్ర: సైట్ పెట్టగానే ఆర్డర్లు వస్తాయా?
జ: రావు. బిల్లు మీద, సంచి మీద, ఆటో వెనక, వాట్సాప్ స్టేటస్‌లో ఆ అడ్రసు పెట్టాలి. పని నచ్చిన కస్టమర్లను గూగుల్‌లో నాలుగు మాటలు రాయమని అడగాలి. డబ్బిచ్చి దొంగ రివ్యూలు రాయించుకోకండి. తెలిస్తే గూగుల్ తీసేస్తుంది, మీ పేరు కూడా పోతుంది.

వారం రోజుల పని

సోమవారం: వ్యాపారం పేరుతో కొత్త జీమెయిల్, దానికి రెండంచెల భద్రత.
మంగళవారం: వాట్సాప్ బిజినెస్ వేసుకుని అడ్రసు, వేళలు నింపండి.
బుధవారం: పది వస్తువుల ఫొటోలు తీసి ధరలతో కేటలాగ్‌లో పెట్టండి.
గురువారం: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు నమోదు చేయండి.
శుక్రవారం: పైన చెప్పిన ఐదు ప్రశ్నలకు జవాబులు తెలుగులో టైపు చేసి పెట్టుకోండి.
శనివారం: ఇరవై మంది పాత కస్టమర్లకు కేటలాగ్ లింకు పంపండి.
ఆదివారం: ఎవరు చూశారు, ఏం అడిగారు రాసుకోండి.

ఇంతవరకు ఖర్చు సున్నా. రెండు మూడు నెలలు ఇలా నడిపి, బయటి ఊళ్ల నుంచి కూడా అడుగుతున్నారనిపిస్తే అప్పుడు డొమైన్ తీసుకోండి. ఆ తర్వాత అవసరమైతే పేజీ. లోను డబ్బు ముందు సరుకుకు, పనిముట్లకు వెళ్లాలి. సంపాదన మొదలయ్యాక అందులోంచి వెబ్‌సైట్‌కు పెట్టుకోవచ్చు.

సందేహాలుంటే మీ గ్రామ, వార్డు సచివాలయంలో, మెప్మా లేదా వెలుగు కార్యాలయంలో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. అక్కడ సలహాకు ఎవరికీ డబ్బు ఇవ్వాల్సిన పని లేదు. ఈ పీడీఎఫ్‌ను మీ సంఘం గ్రూపులో పెట్టండి. ముఖ్యంగా ఈ నెలలో కొత్తగా లోను వచ్చినవాళ్లకు పంపండి. వెబ్‌సైట్ అమ్మేవాళ్ల ఫోన్లు ముందుగా వెళ్లేది వాళ్లకే.

జిల్లా సమాచార, పౌర సంబంధాల అధికారి